సలేశ్వరం నడక - ఆడవాళ్ళం మనమూ వెళ్ళొద్దామా!

ఉగాది వెళ్ళిన రెండు వారాలకు చైత్ర పౌర్ణమి వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఇళ్ళల్లో అప్పుడు ఒకటే మాట... "ఈసారి సలేశ్వరం పోదామా?" అని. నల్లమల అడవి మధ్యలో, లోతైన లోయ అడుగున, కొండ గుహలో కొలువున్నాడు లింగమయ్య. పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే జాతర. మిగిలిన ఏడాదంతా ఆ చోటు పెద్దపులులది, ఎలుగుబంట్లది, చెంచులది.

"అమ్మో, అడవిలో నడకా! మనవల్ల ఎక్కడవుతుంది?" అనుకోకండి. ఆ దారిలో నెత్తిన మూట పెట్టుకుని, చంటిపిల్లను చంకనేసుకుని నడిచే ఆడవాళ్ళు ఎంతమందో! కాకపోతే ముందుగా కాస్త సిద్ధపడాలి, అంతే.

గద్వాల నుంచి బయలుదేరేవాళ్ళు వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా అచ్చంపేట చేరవచ్చు. మేము నలుగురు తోడికోడళ్ళం, ఇద్దరు మరుదులు కలిసి శనివారం పొద్దున్నే బయలుదేరాం. సాయంత్రానికి రంగాపురం దగ్గర కొండమీది ఉమామహేశ్వరం చూశాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. పెద్ద బండరాళ్ళ నీడలో ఆ గుడి ఎంత చల్లగా ఉందో! ఎండనపడి వచ్చిన అలసటంతా అక్కడే తీరిపోయింది.

అడవిలోనే డేరా వేసుకుని పడుకుందామని చిన్న మరిది సరదాపడ్డాడు. అదేమీ కుదరదండీ! ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇష్టమొచ్చిన చోట రాత్రి బస చేయనివ్వరు. రాత్రి తొమ్మిది గంటల నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డునే మూసేస్తారు. అందుకని మన్ననూరులోనో, అచ్చంపేటలోనో ముందే గది చూసుకోవాలి. జాతరప్పుడు గదులకు గిరాకీ ఎక్కువ.

ఆదివారం తెల్లవారగానే బయలుదేరాం. ఫరహాబాద్ దగ్గర తారురోడ్డు వదిలి మట్టిరోడ్డు పట్టాం. చెట్లు చాలావరకు ఆకు రాల్చేశాయి. ఇప్పచెట్ల కింద మాత్రం లేత పసుపు పూలు పరుచుకున్నాయి. చీకటితోనే లేచి ఆ పూలు ఏరుకునే చెంచు ఆడవాళ్ళకు ఇది పని రోజుల కాలం. రాంపూర్ పెంట దాటాక బండి ఆపి నడక మొదలుపెట్టాం. పెంట అంటే చెంచుల గూడెం అన్నమాట.

అక్కడినుంచి నాలుగైదు కిలోమీటర్లు... రాళ్ళమీద దిగుడు. ఒకపక్క కొండచరియ, ఇంకోపక్క లోయ. కొన్నిచోట్ల ఒకరి వెనక ఒకరే పోవాలి. వెళ్ళేవాళ్ళు "వస్తున్నాం లింగమయ్యా" అంటుంటే, ఎదురొచ్చేవాళ్ళు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. ఆ పలుకుతోనే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చేయి అందిస్తారు. దిగేకొద్దీ గాలి చల్లబడింది. చివరికి ఎంతో ఎత్తునుంచి గుండంలోకి పడుతున్న నీళ్ళు కనబడగానే మా పెద్ద తోడికోడలు నోటమాట రాక అలా నిలబడిపోయింది. మోకాళ్ళ నొప్పుల మనిషి! గుహలో పూజారులు చెంచులే. లింగమయ్య వాళ్ళ ఇలవేలుపు. మనం వాళ్ళింటికి చుట్టాలుగా వెళుతున్నామన్నమాట.

ఒక్క సంగతి మాత్రం మనసు కష్టపెట్టింది. దారి పొడుగునా ఖాళీ నీళ్ళ ప్యాకెట్లు, సీసాలు! ఈ అడవిలో యురేనియం తవ్వొద్దని 2019లో ఊళ్ళకు ఊళ్ళు గొంతెత్తాయి. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంత పోరాడి కాపాడుకున్న అడవిలో మనమే చెత్త పోస్తే ఎలా? జింకలు, దుప్పులు ఆ ప్లాస్టిక్ తింటే కడుపులో అడ్డం పడి చస్తాయి. ఎండాకులు మోకాలెత్తున ఉండే ఆ రోజుల్లో ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా తగలబడడానికి. పొయ్యి వెలిగించి వంట చేద్దామన్న ఆలోచనే వద్దు.

అందుకే వంటంతా ఇంట్లోనే కానిచ్చుకోండి. కరకరలాడే జొన్నరొట్టెలు, పల్లీల కారం రెండు రోజులైనా పాడవవు. చింతపండు పులిహోర ఒక పూటకు బాగుంటుంది. పెరుగన్నం మాత్రం ఆ ఎండకు పులిసిపోతుంది. స్టీలు డబ్బాల్లో సర్దితే పారేసేదే ఉండదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. అవీ కడిగి వాడుకునే సీసాల్లోనే. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఒక సీసాలో పెట్టుకోండి.

కాళ్ళకు జారని బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులు పనికిరావు. పంజాబీ డ్రెస్సు హాయి. చీరే కడితే చీలమండలపైకి దోపుకోండి. నెలసరి వచ్చే రోజులైతే వాడిన ప్యాడ్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచీ విడిగా ఉంచుకోండి.

గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు, నిండు గర్భిణులు మొహమాటానికి పోయి బయలుదేరవద్దు. 2023 జాతరలో ఆ ఇరుకు దారి రద్దీలో ప్రాణాలే పోయాయి. బి.పి., షుగరు మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే తెలుస్తుంది అసలు సంగతి! పొద్దున్నే వెళ్ళి ఎండ ముదరకముందే తిరుగుముఖం పట్టాలి. తోసుకుంటున్నారనిపిస్తే పక్కకు తప్పుకుని కూర్చోండి. లింగమయ్య ఎక్కడికీ పోడు!

జాతర రోజులు, లోపలికి వదిలే వేళలు ఏటేటా మారుతుంటాయి. మన్ననూరు అటవీశాఖ వాళ్ళను ముందే అడిగి బయలుదేరండి. వెళ్ళేటప్పుడు ఇంటికో ఖాళీ గోనెసంచీ పట్టుకెళ్ళండి. మన చెత్తతోపాటు దారిలో కనిపించింది కూడా అందులో వేసుకొస్తే, అంతకన్నా మంచి మొక్కుబడి ఏముంటుంది చెప్పండి?