మరీ సుకుమారమా?

పెళ్లిలో డీజే మొదలైందంటే నాకు తలపోటు. ‘మరీ సుకుమారం’ అంటారు మావాళ్లు. అననివ్వండి. అమెరికా మనస్తత్వవేత్తలు ఇలైన్ ఆరన్, ఆమె భర్త ఆర్థర్ 1997లో ఈ స్వభావానికి 27 ప్రశ్నల కొలమానమే తయారుచేశారు. పెద్ద చప్పుళ్లు, ఘాటు వాసనలు, గరుకు బట్టలు, కాఫీ, ఆకలి, ఎదుటివాళ్ల మూడ్... ఏది మనల్ని ఎంత కుదిపేస్తుందని అడుగుతుందది. ఇది జబ్బు కాదు. కాకపోతే ఇది ఎక్కువున్నవాళ్లలో ఆందోళన, దిగులు, ఒంటి నలతలు కాస్త ఎక్కువేనని అధ్యయనాలు చెబుతున్నాయి. ఏది దేనికి కారణమో తేల్చడం వేరే సంగతి.

నాకు ముచ్చటేసింది మరొకటి. ఇంగ్లండ్‌లో దిగులు దరిచేరకుండా బడిలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పారు. 2015లో వెలువడిన ఫలితాల్లో బాగుపడింది ఈ సున్నిత స్వభావం ఎక్కువున్న అమ్మాయిలే! మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే వెక్కిరించకండి, దగ్గర కూర్చుని నేర్పండి.