ముత్యాల బజారులో

సముద్రం లేని ఊళ్ళో ముత్యాల బజారేమిటని మీకెప్పుడైనా అనిపించిందా? హైదరాబాదులో చార్మినారు దగ్గర పత్తరుగట్టీ రాతికమానుల కింద నడిచినప్పుడల్లా నాకనిపిస్తుంది. పూర్వం పారశీక సింధుశాఖలో పుట్టిన ముత్యాలు, బస్రా పేరు పెట్టుకుని, నవాబుల ముచ్చట తీర్చడానికి ఇక్కడికి వచ్చేవి. 1893లో జపానులో మికిమోటో అనే ఆయన ముత్యపుచిప్పల్ని సాకి ముత్యాన్ని పండించాడు. రానురాను ఆ జపాను ముత్యాలు లోకమంతా నిండి, పాత వర్తకం సన్నగిల్లింది. ఇప్పుడీ కొట్లలో మెరిసేవి చాలావరకు చీనాదేశపు మంచినీటి ముత్యాలు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఒంటిపేట ముత్యాలదండ తెగింది, మళ్ళీ గుచ్చించాలి. కొట్లో కూర్చున్నాక నాలోని తెలుగు మేష్టరు ఊరుకుంటాడా! పాఠం మొదలుపెట్టాను.

"సంస్కృతంలో దీన్ని మౌక్తికమనీ, ముక్త అనీ అంటారమ్మా. అరవంలో, కన్నడంలో ముత్తు. మేలైనదైతే ఆణిముత్యం. పిల్లవాడి దస్తూరీ బాగుంటే ముత్యాలకోవ అంటాం. భద్రాద్రి రాముడి పెళ్ళికి ముత్యాల తలంబ్రాలు. ఆఖరికి మశూచి పొక్కుల్ని కూడా మనవాళ్ళు ముత్యాలనే అన్నారు. ముత్యాలమ్మకు గుళ్ళు కట్టారు. మశూచి భూమ్మీద లేదని 1980లో ప్రకటించారు గాని, అమ్మవారు మాత్రం గుళ్ళోనే ఉంది."

"సరేలేరా," అంది అమ్మ.

ఇంతలో వర్తకుడు ఒక్కొక్క ముత్యాన్నీ తీసి చూస్తున్నాడు. అసలు ముత్యం పంటికి రాస్తే కాస్త గరగరలాడుతుంది. గాజుపూస నున్నగా జారిపోతుంది.

"ఇందులో పదకొండు గాజువమ్మా," అన్నాడు మెల్లిగా.

నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడో దండ గుచ్చినవాడెవడో మార్చేసి ఉంటాడని గొంతు పెంచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎవర్నీ అనకు, నాయనా. నీ ఎమ్మే పరీక్ష ఫీజు కట్టాల్సినప్పుడు నేనే తీసి అమ్మేశాను. దండ చిన్నదైతే మీ నాన్న కనిపెడతారని పూసలు చేర్పించాను."

ఇన్నేళ్ళుగా పిల్లలకు మాటల అర్థాలు చెబుతున్నాను. ఆ పూట నోట మాట రాలేదు.

"గాజువి తీసేసి మంచివి వెయ్యమంటారా?" అని వర్తకుడు అడిగాడు. వెయ్యమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఉన్నవాటిని ఉన్నట్టే గుచ్చించుకుని, అక్కడే మెళ్ళో వేసుకుని, "పదరా, బస్సు వేళవుతోంది," అంది.