సీతమ్మ పుట్టింటికి రైల్లో

భద్రాచలంలో రాములవారి కల్యాణం చూసొచ్చినోళ్ళు మన పద్మానగర్‌లో గల్లీకి పదిమంది ఉంటారు. ఆ పెళ్ళికూతురి ఊరు మాత్రం పరదేశంలో ఉంది, నేపాల్‌లోని జనక్‌పూర్. విమానం అక్కర్లేదు, రైల్లోనే పోవచ్చు.

కల్యాణ్‌లో పవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒకటిన్నర రోజుకి బీహార్ కొసన జయనగర్‌లో దిగుతాం. పక్కనే నేపాల్ రైల్వే వాళ్ళ స్టేషన్. 1937లో అడవి కలప మోయడానికి వేసిన చిన్న లైను అది. 2014లో ఆపి, పెద్ద లైను వేసి, 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నడిపించారు. అక్కణ్ణుంచి జనక్‌పూర్ సుమారు 30 కిలోమీటర్లు.

వీసా లేదు గానీ కార్డు చూస్తారు. అసలు చిక్కంతా అక్కడే. 15 నుంచి 65 ఏళ్ళ లోపు వాళ్ళకి పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి, ఆధార్ చెల్లదు. 65 దాటినోళ్ళకీ 15 నిండని పిల్లలకీ ఆధార్ చాలు. అంటే డెబ్బై ఏళ్ళ తల్లి దాటిపోతుంది, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే కొడుకు ఆగిపోతాడు! మన సాంచాల మీద పనిచేసే పిల్లల్లో ఓటరు కార్డు సిరిసిల్లలో పెట్టెలో పడి ఉన్నోళ్ళు, అసలు చేయించుకోనోళ్ళు ఎంతమందో. టికెట్ కంటే ముందు ఆ పని చూసుకోవాలి. ఇంటిల్లిపాదీ పోతే ఒక్క పెద్దవాళ్ళ కార్డు, మిగతావాళ్ళకి చుట్టరికం చూపే ఫోటో కాగితం చాలనే రూలు కూడా ఉంది. దాన్నే నమ్ముకుని అంత దూరం పోవద్దని నా మాట.

దీపావళికి సాంచాలు ఆగుతాయి కదా, అప్పుడే పోదాం అనుకోకండి. ఛఠ్ పూజకి బీహారోళ్ళంతా ఆ బండిలోనే ఉంటారు. మార్గశిర శుద్ధ పంచమికి జనక్‌పూర్‌లో సీతారాముల పెళ్ళి చేస్తారు. చూడముచ్చటే గానీ మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి ఆ జనం కష్టం. చలి, పొగమంచు తగ్గాక, మాఘం చివర్లో పోతే మేలు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు.

గుడి టికంగఢ్ రాణి కట్టించింది. తెల్లగా, రాజమహల్ లాగా ఉంటుంది, నౌలఖా మందిర్ అంటారు. ధనుష్ సాగర్, గంగా సాగర్ చెరువులు కూడా చూడాలి.

పనిలో పని ఢాకా కూడా చూసొద్దాం అనేవాళ్ళుంటారు. కలకత్తా నుంచి పోయే మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2024 జులైలో ఆగింది, పైగా ఆ దేశానికి వీసా కావాలి. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

మన వందకి అక్కడ 160 రూపాయలు. వంద నోట్లే పెట్టుకోండి. గడియారం పావుగంట ముందుంటుంది. మన సిమ్ మామూలు ప్యాక్‌తో పనిచేయదు, జయనగర్‌లోనే ఇంటికి ఫోన్ చేసెయ్యండి.