తొమ్మిది పేర్లు

మా కాలేజీలో ప్రతి పీరియడుకీ ముందు ఓ చిన్న తతంగం జరుగుతుంది. హాజరు పట్టీ తీసి నేను పేర్లు పిలుస్తాను. వచ్చినవాళ్లు "ప్రెజెంట్ సార్" అంటారు. రానివాళ్ల తరఫున వచ్చినవాళ్లు గొంతు మార్చి మళ్లీ అంటారు. విద్యార్థిలోకంలో అదొక స్నేహధర్మం. నా తోటి లెక్చరర్లు చూసీ చూడనట్టు టిక్కు పెట్టేసి పాఠంలోకి దిగుతారు. నేను మాత్రం తలెత్తి మనిషిని చూస్తే గానీ కలం ఆనించను. "తెలుగు మేష్టారి వ్యాకరణమంతా హాజరు పట్టీలోనే వుందిరా" అని వెనక బెంచీల్లో అనుకోవడం నా చెవిని పడకపోలేదు. ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

మా నాన్నగారు అంబాజీపేట దాపున ఒక పీచు మిల్లులో గుమాస్తా. మిల్లు పేరూ, షావుకారు పేరూ మనకు అనవసరం. ఆ మిల్లూ లేదు, ఆయనా లేడు. కోనసీమవాళ్లకు పీచు మిల్లంటే వేరే చెప్పనక్కర్లేదు గాని, తక్కినవారి కోసం చెబుతాను. నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని రెండు ఇనప రోలర్ల మధ్య నలగ్గొడతారు. తరువాత మేకులు దిగ్గొట్టిన పీపాలాంటి చక్రంలో వేస్తారు. పీచు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు ఎగిరిపడతాయి. లోపల నిలబడితే మనిషి తల దగ్గర్నుంచి కనురెప్పల దాకా గోధుమరంగు పొట్టే. సాయంత్రం పని దిగి కాలవలో మునిగి లేస్తే గానీ ఎవరెవరో పోల్చుకోలేం.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కొబ్బరితోటల్ని పడగొట్టిపోయింది. తోటల్లో పని పోయినవాళ్లు దొరికిన పనికి పోయారు. ఆ శీతాకాలం మిల్లులో పదహారుమంది వుండేవారు, ఎక్కువమంది ఆడవాళ్లే. హాజరు పట్టీలో మాత్రం తొమ్మిది పేర్లే.

తొమ్మిదే ఎందుకంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచేచోట పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. కరెంటు లేకపోతే ఇరవైమంది. ఫ్యాక్టరీ అయిందా, ఇక లైసెన్సు కావాలి, మరకు జాలీ వుండాలి, పనివాళ్ల రిజిస్టరు వుండాలి, గాలీ వెలుతురూ మరుగుదొడ్డీ అన్నీ వుండాలి. తొమ్మిది దగ్గర ఆగితే ఇవేవీ అంటవు. అందుకని మా షావుకారుగారికి తొమ్మిదంటే మహా ప్రీతి. ఆయన దుర్మార్గుడని చెప్పలేను. సంక్రాంతికి పదహారుమందికీ బట్టలు పెట్టేవాడు. బట్టల దగ్గర పదహారు, పుస్తకంలో తొమ్మిది!

ఆ హాజరు పట్టీ ఏ రోజుకారోజు రాసేది కాదు. కనీస వేతనాల తనిఖీకి లేబరు ఆఫీసునుంచి ఎవరో వస్తారని కబురందగానే నాన్నగారు పుస్తకం ఇంటికి తెచ్చేవారు. దీపాలు పెట్టాక నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని నెలరోజుల హాజరూ ఒక్క రాత్రిలో వేయించేవారు. ఒకే కలంతో వేస్తే ఒకేసారి రాసినట్టు తెలిసిపోతుంది గదా! అందుకని నాలుగు పెన్నులుండేవి. సోమవారం నల్ల సిరా, మంగళవారం వెలిసిన నీలం. ఎవరికో ఒకరికి నెలలో రెండురోజులు జ్వరం తెప్పించాలి, లేకపోతే నమ్మరు. ఎవరికి జ్వరం తెప్పించాలో నిర్ణయించే అధికారం నాది. పద్నాలుగేళ్లవాడికి అంతకంటె గొప్ప ఆట ఏముంటుంది చెప్పండి? కథలల్లడం నేను అక్కడే నేర్చుకున్నాననుకుంటాను.

ఆ పదహారుమందిలో ఒకావిడ మా వీధి చివర వుండేది. ఇరవైనాలుగేళ్లుంటాయి. నేను అక్కా అనే పిలిచేవాణ్ణి. చదువు రాదు. నేను నాన్నగారికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా పొట్టు దులుపుకుంటూ దగ్గరకొచ్చి, "అబ్బాయిగారూ, పుస్తకంలో నా పేరు రాశారాండీ?" అనేది. పేరు పుస్తకంలోకెక్కితే పని ఖాయమని ఎవరో చెప్పారు కామోసు. నేను "ఆఁ, రాశాం" అనేవాణ్ణి. ఆవిడ "ఆయ్!" అని నవ్వి వెళ్లిపోయేది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు అన్నానా మాట. అంత తేలిగ్గా వచ్చేది నోటికి.

1997 వేసవిలో ఒక మధ్యాహ్నం రోలర్ల మధ్య డొక్క ఇరుక్కుంది. ముందు వుండవలసిన ఇనప జాలీ ఏనాడో తీసి గోడకు ఆనించారు. మాటిమాటికీ జాలీ విప్పి డొక్క లాగాలంటే పని సాగదట. మర ఆపితే మళ్లీ ఎక్కించడానికి ఆలస్యమట. ఆవిడ చేత్తో లాగింది. కుడిచేతి చూపుడువేలూ, నడిమివేలూ పోయాయి.

అమలాపురం ఆస్పత్రికి తీసుకువెళ్లారు. మందుల ఖర్చు షావుకారుగారే పెట్టుకున్నారు. పైన రెండువేల రూపాయలు ఇంటికి పంపారు. అక్కడితో సరి అనుకున్నారు అందరూ. నిజానికి పనిచోట దెబ్బ తగిలి మనిషి నలభై ఎనిమిది గంటలు పనికి రాలేకపోతే యజమాని ఇన్‌స్పెక్టరుకు తెలియపరచాలని చట్టంలో వుంది. కాని చట్టం ఫ్యాక్టరీకి. మాది తొమ్మిదిమంది మిల్లు! పైగా దెబ్బ తిన్నది పదోపేరు కూడా కాదు, అసలు పేరే లేని మనిషి.

ఒక వకీలుగారి గుమాస్తా ఆవిడ భర్తతో చెప్పాడట, పనివాళ్ల నష్టపరిహారపు చట్టమని 1923 నుంచీ ఒకటుందని. ఆ చట్టంలో వెనక ఒక పట్టిక వుంది. నేను పెద్దయ్యాక చూశాను. మనిషి అవయవాలకు అందులో వరసగా శాతాలు కట్టి వుంటాయి. బొటనవేలు పోతే ముప్పై, ఒక చేతికి నాలుగు వేళ్లు పోతే యాభై, రెండు వేళ్లు పోతే ఇరవై. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది గాని, ఆ పట్టిక లేకపోతే ఇంకా ఘోరం. నెలకూలిలో అరవై వంతుల్ని వయస్సును బట్టి వుండే అంకెతో హెచ్చవేసి, అందులో ఈ శాతం కట్టాలి. నెలకు వెయ్యి రూపాయల కూలి మీద ఇరవైనాలుగేళ్ల మనిషికి రెండు వేళ్లకు లెక్కగడితే సుమారు ఇరవయ్యారు వేలు తేలుతుంది. షావుకారుగారు పంపింది రెండువేలు. దీనికి పదిమంది లెక్క అక్కర్లేదు. కరెంటు మర దగ్గర పనిచేస్తే చాలు. కాని పనిచేసినట్టు రుజువు కావాలి. రుజువేది? హాజరు పట్టీలో ఆవిడ లేదు. నాలుగు రంగుల సిరాల్లో ఆవిడ ఎక్కడా లేదు.

అర్జీ వెళ్లిన కొన్నాళ్లకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చాడు. మామూలుగా వచ్చే ఉద్యోగులు ముందు కబురంపి, జీపులో దిగి, బొండాం నీళ్లు తాగి, పుస్తకంలో సంతకం గిలికి వెళ్లేవారు. ఈయన కబురంపలేదు, సైకిలు అద్దెకు తీసుకుని కాలవగట్టున వచ్చాడు. ఫ్యాక్టరీ అని నమ్మడానికి కారణముంటే ఎక్కడికైనా ప్రవేశించే అధికారం ఆయనకుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. చెప్పకుండా వెళ్లి చూడవచ్చునన్నది 1947 నాటి అంతర్జాతీయ ఒడంబడికలోనే వుంది. మన దేశం 1949లో దానికి ఒప్పుకుంది. అయినా మన మిల్లుకు వెనక గేటుండనే వుంది. సైకిలు కనపడగానే ఏడుగురు కొబ్బరితోటలోకి జారుకున్నారు.

ఆ రోజు నేను అక్కడే వున్నాను, క్యారేజీ పట్టుకుని. ఆయన హాజరు పట్టీ తిరగేశాడు. తొమ్మిదిమందినీ వరసగా నిలబెట్టి పేర్లడిగాడు. అంతా సరిపోయింది. అప్పుడు తల పైకెత్తి దూలం వంక చూశాడు. మేకులకు వరసగా క్యారేజీలు వేలాడుతున్నాయి. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదహారు.

"గుమాస్తాగారూ, తొమ్మిదిమందికి పదహారు క్యారేజీలెందుకండీ?"

నాన్నగారు పలకలేదు. ఆయన మళ్లీ పుస్తకం తీసి, ఒక పేజీ వెలుగులోకి తిప్పి, "ఇందులో రెండు దస్తూరీలున్నట్టున్నాయే. ఈ రెండోది ఎవరిది?" అన్నాడు.

నా చేతిలో క్యారేజీ మూత టకటక కొట్టుకోవడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"రెండూ నావేనండి," అన్నారు నాన్నగారు. "చెయ్యి నొప్పెట్టినప్పుడు అక్షరం మారుతుంది."

ఇన్‌స్పెక్టరు నా వంక చూశాడు. నా కుడిచేతి వేళ్లకు నీలం సిరా మరకలున్నాయి. ఆయన చూశాడనే నా నమ్మకం. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం నాన్నగారు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. చాలాసేపు అరుగు మీద కూచుని, లోపలికి వచ్చి చొక్కా లోపలి జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీశారు. అట్ట నలిగిపోయి, నూనె మరకలతో వుంది. అది కూలి చిట్టా. శనివారం శనివారం ఎవరికెంత ఇచ్చిందీ అందులో వుండేది. దొంగ పుస్తకం ఎంత అందంగా రాసినా, డబ్బు పంచడానికి నిజం పుస్తకం ఒకటి వుండి తీరాలి గదా! పదహారు పేర్లూ వున్నాయి. ఆవిడ పేరు నవంబరు నుంచీ వారం వారం వుంది. మర్నాడు ఉదయం బస్సులో వెళ్లి ఆ చిట్టా ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి వచ్చారు. ఎందుకిచ్చారో నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ వారమే ఆయన ఉద్యోగం పోయింది. తరువాత పదేళ్లూ అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి వర్తకుల దగ్గర చిల్లర లెక్కలు రాసి నన్ను ఎం.ఏ. దాకా చదివించారు. "నిజం రాసే గుమాస్తా మాకెందుకు" అని ఒకరిద్దరు వేళాకోళం చేశారని అమ్మ చెప్పింది.

తెలుగు చెప్పుకునేవాడికి ఈ సెక్షన్ల గొడవెందుకని మీరనవచ్చు. నాకు అదొక వ్యసనమైంది. ఫ్యాక్టరీల చట్టంలో 103వ సెక్షను చదివినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర తిరుగుతున్నప్పుడు, భోజనవేళ కాని వేళ, లోపల కనపడ్డ మనిషి అక్కడ పనివాడేనని భావించాలట. కాదని రుజువు చేసుకోవలసింది అవతలివాళ్లట. ఎవరో పెద్దమనిషి కూచుని, మా వెనక గేటునూ మా నాలుగు పెన్నులనూ ముందే వూహించి రాసినట్టుంది. 1833లో ఇంగ్లండులో నలుగురంటే నలుగురు ఇన్‌స్పెక్టర్లతో ఈ తనిఖీలు మొదలయ్యాయి. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చినా, నూరుమంది వుంటే గాని అది వర్తించేది కాదు. నూరు పది కావడానికి అరవై ఏడేళ్లు పట్టింది.

2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్లు అమలులోకి వచ్చాయి. వాటి లెక్కన ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటుంటే ఇరవైమంది, లేకుంటే నలభైమంది కావాలి. పదిమంది వున్నచోట కొన్ని విధులు మిగిలే వున్నాయనుకోండి. ఇన్‌స్పెక్టరుకు "సహాయకుడు" అన్న తోక కూడా తగిలించారు. పుస్తకాలు కంప్యూటర్లలోకి వెళ్తున్నాయి. కంప్యూటరులో నాలుగు రంగుల సిరా అక్కర్లేదన్నది నా భయం. పుస్తకాలు తగ్గించడం తప్పని నేననను. యాభై రకాల రిజిస్టర్లు పెట్టమంటే మా నాన్నగారిలాంటివాళ్లు రాత్రిళ్లు కూచుని వండుతారు. కాని ఆ కోడులో ఒక మాట నాకు నచ్చింది: ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని. పేరు రాసిన కాగితం ఒకటి పనివాడి ఇంట్లో కూడా వుండాలన్నమాట. షావుకారు బీరువాలో ఒక్కచోటే వుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

దానికి నెలన్నర ముందే, 2025 అక్టోబరు 8న, అప్పటికి మా జిల్లాలోనే వున్న రాయవరం మండలంలో బాణసంచా తయారీ కేంద్రం పేలిపోయింది. (మాకు కోనసీమ అంటే గౌతమికీ వశిష్ఠకూ నడుమ వున్న దీవి, రాయవరం గౌతమికి ఆవల వుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మాతో కలిసింది.) దీపావళి ముందు రోజులు. ఆనాడే ఆరుగురు కాలిపోయారు. టీవీలో ఆ పొగ చూస్తూ నేను ఒక్కటే ఆలోచించాను: ఇలాంటిచోట గోడ కూలాక, లోపల ఎందరున్నారని ఎవరైనా అడిగితే, చెప్పగలిగేది ఆ ఉదయం రాసిన హాజరు పట్టీ ఒక్కటే. అది నెలాఖరున రాసేదైతే?

మా ఆవిడ వచ్చి టీవీ కట్టేసింది.

అక్కకు రెండేళ్లు తిరిగాక డబ్బు వచ్చింది. ఒక పాడిగేదెను కొనుక్కుంది. ఎడమచేత్తో పాలు పిండడం నేర్చుకుంది. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ ట్రంకుపెట్టె అడుగునుంచి ప్లాస్టిక్కు సంచిలో చుట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఆనాటి ఉత్తర్వు నకలు. మడతల దగ్గర చిరిగిపోతోంది.

"మనవరాలు చదివి చెప్పిందండీ, అబ్బాయిగారూ. నా పేరులో దీర్ఘం ఎగరగొట్టేశారంట. తెలుగు మేష్టారు గదా, కాస్త దిద్దిపెడుదురూ!"

జేబులోంచి పెన్ను తీశాను. నీలం సిరా. ఆవిడ మూడువేళ్ల కుడిచెయ్యి కాగితం ఒక మూల గాలికి లేవకుండా అదిమిపట్టుకుంది.

"ఇది సర్కారు కాగితం అక్కా, మనం ముట్టుకోకూడదు," అన్నాను.

"ఆయ్!" అని నవ్వి, కాగితం మళ్లీ సంచిలో చుట్టింది.