ఒక గొంతు ఆగితే...

సినిమా పాట పల్లవి వినగానే పాడింది సుశీలా, జానకా అని మీరు ఇట్టే చెప్పేస్తారు. పందెం కూడా కాస్తారు! మరి వెనకాల అందుకునే కోరస్ అమ్మాయిల పేర్లో? చాలా రికార్డుల మీద వెతికినా దొరకవు. 'మిస్సమ్మ' (1955)లో సావిత్రి మేరీమాతను వేడుకుంటుంటే పి.లీల గొంతు మన చెవుల్లో నిలిచిపోయింది. ఒక్క గొంతు, ఒక్క ముఖం. వెండితెర పద్ధతే అంత.

ఈ పద్ధతి తలకిందులయ్యే చోటొకటుంది. అందుకోసం మద్రాసూ, హైదరాబాదూ పోనక్కర్లేదు. మా అనంతపురం వైపు పల్లెల్లో ఆదివారం పూట ఏ చిన్న చర్చి ముందు నిలబడినా చాలు.

గుత్తి ప్రాంతానికి సువార్త తెచ్చింది లండన్ మిషన్ దొరలే గానీ, పాట మాత్రం దొరల బాణీ కాదు సుమండీ! 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరవండి. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. అందులో పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు చాలా ఉన్నాయి. పల్లవులు, చరణాలు అన్నీ మన కచేరీ సరుకే.

పాడే ఆడవాళ్లని రాగం పేరడిగితే మాత్రం నవ్వేస్తారు. కొంగు తల మీదికి లాక్కుని చాపల మీద కూచుంటారు. ఒకామె పల్లవి ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. హార్మోనియం ఉంటే సరే, లేకుంటే డోలక్, తాళాలు, చప్పట్లు చాలు. మొదటి చరణం ఒకరిది, రెండోది ఇంకొకరిది. ఎవరి వంతు ఎప్పుడో కళ్లతోనే చెప్పుకుంటారు. చివరి పల్లవికి వచ్చేసరికి నడక జోరందుకుంటుంది. అవి మైకు కోసం తయారైన గొంతులు కావు. చెనిక్కాయల చేలో కలుపు తీస్తూ ఈ గట్టు మాట ఆ గట్టుకి వినిపించిన గొంతులు!

ఈ వంతుల పాటకి సముద్రాల అవతల కూడా చుట్టాలున్నారు. అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరపు నల్లజాతి ఆడవాళ్ల బృందం వార్డ్ సింగర్స్. 1950 ప్రాంతంలో క్లారా వార్డ్, మారియన్ విలియమ్స్ ఒకే పాటలో ముందు గొంతు మార్చుకుంటూ పాడి జనాన్ని ఉర్రూతలూగించారు. తర్వాత చమ్కీ గౌన్లు, ఎత్తైన విగ్గులతో వేదికలెక్కారు. 1957లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలోనూ పాడారు. కానీ డబ్బు దగ్గర తేడాలొచ్చి 1958లో మారియన్ వేరుపడింది. 1972లో ఒక చర్చిలో అరెతా ఫ్రాంక్లిన్ పాడుతుండగా తీసిన 'అమేజింగ్ గ్రేస్' సినిమా 2018లో బయటికొచ్చింది. వింటున్న జనంలో క్లారా వార్డ్ కనిపిస్తుంది, చూడండి.

మా వైపు పంచుకోడానికి డబ్బెక్కడిది? పంచుకునేది వేరే. చేలు ఎండిపోయిన ఒక ఏడు, సగం ఊరు బెంగుళూరు కూలికి బస్సెక్కింది. ఆ ఆదివారం చరణం మధ్యలో ఒక పెద్దావిడ గొంతు పూడుకుపోయింది. కొడుకూ కోడలూ ఆ వారమే వెళ్లారట. పక్కనున్నావిడ తల కూడా తిప్పకుండా, మాట తెగిన చోటి నుంచే అందుకుంది. శ్రుతి చెదరలేదు. మిగతావాళ్లు అదే పాదాన్ని తిప్పి తిప్పి పాడారు. పెద్దావిడ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ కలిశాకే ముందుకు కదిలారు.

బయటికొచ్చాక, "బలే అందుకున్నావక్కా!" అన్నాను.

"ఆయమ్మ పాటే గదప్పా! నేను రోంత సేపు పట్టుకున్న్యా, అంతే" అందామె.

ఇప్పుడు మా చర్చిల్లోకీ కీబోర్డులొచ్చాయి. ట్రాక్ పెట్టుకుని ఒక్కరే పాడి, వీడియో తీసే సరదా కూడా వచ్చింది. తప్పనను. ట్రాక్ శ్రుతి తప్పదు, తాళం తప్పదు. పాడే మనిషి గొంతు ఆగితే మాత్రం అది ఆగదు, ఆదుకోదు. దాని దారిన అది పోతుంది.

కాబట్టి యువ పాఠకులారా! ఈసారి పాట వినేటప్పుడు ముందు గొంతుతోపాటు వెనక గొంతుల మీదా ఒక చెవి వేయండి. పాటని పట్టుకునేది ఒక్కోసారి వాళ్లే.