అక్కడ ఊరన్నా ఇల్లన్నా ఒకటే!

డబ్లిన్‌లో గాల్వే బస్సెక్కితే కిటికీ పక్క సీటు పట్టుకోండి. దారంతా బోర్డులే. పైన ఐరిష్ పేరు, కింద ఇంగ్లిష్ పేరు. ఊరి పేరు ‘బాలీ’ అని మొదలైతే దాని వెనక చాలాసార్లు ఉండేది ‘బాల్యె’ అనే ఐరిష్ మాట. అంటే ఊరు. ఇల్లు అని కూడా! డబ్లిన్‌కి ఐరిష్ పేరు ‘బాల్యె ఆహ క్లీఅ’. తడికల రేవు ఊరు అని అర్థం. ఒకప్పుడు లిఫీ నదిని దాటడానికి తడికలు పరిచిన రేవు ఉండేది మరి.

అన్ని ‘బాలీ’లూ ఊళ్లు కావు సుమా! దారిలో వచ్చే బాలినస్లో అసలు పేరులో ఉన్నది ‘బేల్ ఆహ’, అంటే రేవు ముఖం. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పడ్డాక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గాల్వే దాటి సముద్రం పక్కనే పడమరకి వెళ్తే స్పిడల్ వస్తుంది. ఐరిష్ ఇంకా మాట్లాడుకునే చోటు. 2005 నుంచి ఇలాంటి ప్రాంతాల్లో రోడ్డు బోర్డుల మీద ఊళ్లకి ఐరిష్ పేర్లే.

అక్కడ టీ తాగుతుంటే ‘సా వాల్యె’ అన్న మాట వినపడింది. ఫోన్ డిక్షనరీలో ‘వాల్యె’ వెతికా. లేదు! షాపావిడ నవ్వి చెప్పింది. అది బాల్యె మాటే. ముందు ‘సా’ వస్తే బ కాస్తా వ అవుతుంది. ‘మా ఊరు’ అనాలంటే ‘ఆర్ మాల్యె’. చాలా ఊళ్లయితే ‘బాల్చె’. మన దగ్గర మాటకి తోక మారుతుంది: ఊరు, ఊళ్లో, ఊరికి. వీళ్లకి తల కూడా మారిపోతుంది!

ఇంకో సంగతి. ఇంట్లో ఉంటే ‘సా వాల్యె’. ఇంటికి బయల్దేరితే ‘అవాల్యె’. మనం పండక్కి ‘ఊరెళ్తున్నా’ అంటాం చూడండి, అలాగన్నమాట. ఏ ఊరని ఎవరూ అడగరు.

లేచి బ్యాగ్ తగిలించుకుంటుంటే ఆవిడ “అవాల్యె?” అంది. ఇంటికేనా అని. “రూమ్‌కి” అన్నాను. డబ్లిన్ వచ్చి రెండేళ్లు. ఎవరడిగినా ఆ మాటే చెప్తా.

తిరుగు బస్సులో అమ్మ ఫోన్.

“ఎక్కడున్నావ్ రా?”

“బస్సులో అమ్మా. ఇంటికెళ్తున్నా.”

అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

“ఏ ఇంటికి రా?” అంది.