చప్పుడు లేని బండి

(ఒక పూర్వ విద్యార్థి)

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము పంపుమనియు, సముద్రయానములందు నేను చూచిన వింతలనుగూర్చి యైనచో బాలురకు మిక్కిలి ప్రియముగా నుండుననియు సంపాదకులవారు జాబు వ్రాసిరి. ఓడలలో కొలువు చేసినవాడు లోకమెల్ల చూచియుండునని పలువురి తలంపు. ఇంజను గదిలో పనిచేయువానికి హాంబర్గైనను సింగపూరైనను ఒక్కటియే. నీటిమట్టమునకు దిగువ, ఇనుపగోడల నడుమ, పగలు రాత్రి యెరుగక గడియారము చొప్పున బ్రతుకుచుండును. కావున నేను చూడని వింతల జోలికి పోక, 2024వ సంవత్సరము దసరా దినములలో విజయనగరమున మా యింటి వాకిటికి వచ్చిన యొక వింతనుగూర్చి వ్రాయుచున్నాను. అది విద్యుచ్ఛక్తితో నడచు మోటారుకారు.

ఇరువదియారేండ్లు నేను ఓడ ఇంజనుల ప్రక్కన నిలిచితిని. ఆ చప్పుడెట్టిదనగా, ప్రక్కవానితో మాటాడవలెనన్న చేతిసైగయే గతి. చెవులకు కప్పులు పెట్టుకొన్నను అది యెముకల గుండ లోనికి వచ్చును. సెలవుపై ఇంటికి వచ్చిన మొదటి వారమున రాత్రులందు నిశ్శబ్దమునకే నాకు మెలకువ వచ్చుచుండెడిది. కొలువు చాలించిన పిమ్మట చప్పుడు చేయని బండి యొకటి కొనవలెనని కోరిక పుట్టినది. విలాసమన్న విలాసమే, కాదని బుకాయింపను. నలువది లక్షలు దాటిన ధర పెట్టినవాడు పొదుపునుగూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదము. మా యింట ఈ విషయమై మూడు నెలలు చర్చ జరిగినది. చర్చ యనుట మర్యాదకొరకు.

బండి పేరు హ్యూండాయ్ అయానిక్ 5. కొరియా దేశపు కంపెనీవారు దీనిని 2021లో లోకమునకు చూపి, 2023 జనవరిలో మన దేశమున విడుదల చేసిరి. మనకు వచ్చు బండ్లు చెన్నపట్టణము చేరువనున్న శ్రీపెరుంబుదూరులో కూర్పబడును. బ్యాటరీ నేలక్రింద పరచబడి యుండును. అందు పట్టు విద్యుత్తు 72.6 యూనిట్లు. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము సరిగా 3 మీటర్లగుటచే లోపల చిన్న గదివలె నుండును. ఒకసారి నింపిన 631 కిలోమీటర్లు పోవునని పరీక్షాశాలవారి లెక్క. మన రోడ్లపై, శీతలయంత్రము నడుపుకొనుచు, 420 మొదలు 450 వరకు వచ్చినచో సంతసింపవలెను.

బండి తెచ్చిన మరునాడే, పాత యలవాటుచొప్పున, ముందు మూత యెత్తి చూచితిని. నూనెమట్టము చూచు పుల్ల లేదు. ఎగ్జాస్టు గొట్టము లేదు. చిన్నపాటి సామాను పెట్టె యొకటి మాత్రము కలదు. వృత్తిలో వృద్ధుడనైన నాకు, చేతికి పని లేని బండియెదుట నిలుచుట యెట్లో యుండెను. మీట నొక్కితిని. ఏమియు జరిగినట్లు తోచలేదు. బండి సిద్ధముగా నున్నదని అద్దపు పలకపై అక్షరములు కనబడినవి. కాలు మోపితిని, వాకిలి వెనుకకు పోయెను. పెట్రోలు ఇంజనుకు పూర్తి బలము వచ్చుటకు వేగముగా తిరుగవలెను. ఈ మోటారు నిలిచియున్న క్షణముననే తన బలమంతయు నీయగలదు. కాలు తీసినంతనే మోటారు డైనమోగా మారి, బండి వేగమును తిరిగి విద్యుత్తుగా బ్యాటరీకి చేర్చును. లోయ దిగునపుడు ఖర్చు తగ్గుటయే కాక నిలువ పెరుగుటయు కన్నులార చూచితిని. మా ఓడలలో ఇట్టిది లేకపోయెనే యని కొంచెము ఈర్ష్య కలిగినది.

విద్యార్థులారా, ఇది క్రొత్త విద్య యని భ్రమపడవలదు. 1899లో కామిల్ జెనాట్సీ యను బెల్జియము దేశస్థుడు గంటకు 100 కిలోమీటర్ల వేగమును రోడ్డుపై మొట్టమొదట దాటినది విద్యుద్వాహనముననే. లోకమునకు చవుకగా పెట్రోలు కార్లు పంచిపెట్టిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారాగారు స్వయముగా నడపుకొన్నది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్కారు. 1912లో కాడిలాక్ బండ్లకు చేతితో త్రిప్పనక్కరలేని స్టార్టరు వచ్చుటతో పెట్రోలుకు గెలుపు దొరికినది. మన దేశమున 2001లో బెంగుళూరివారి రేవా బండి బయలుదేరినది, కాని మన ప్రాంతపు రోడ్లపై నేనెన్నడును దానిని చూడలేదు.

దసరా వెళ్లిన మంగళవారము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము. ఆ దినమున విజయనగరములో కదలవలసినది సిరిమాను ఒక్కటియే. తక్కిన వాహనములన్నియు, ఎంత ధర పెట్టినవైనను, ఇంటనే యుండవలెను. కాబట్టి నా బండి మొదటి వారము వీధిపిల్లల ప్రదర్శనశాలగా గడచినది. తలుపు పిడులు తలుపులోనికే అణగియుండి, తాళపుచెవి దగ్గరకు రాగానే వెలికి వచ్చును. ఆ పిడులు వెలికి వచ్చుట చూచుటకై నన్ను లోపలికి బయటకు ఎన్ని మారులు త్రిప్పిరో లెక్కలేదు.

చప్పుడు లేకుండుటలో ఒక చిక్కు కలదు. మన వీధులలో మనుష్యులు చెవితో నడతురు. వెనుక బండి వచ్చుచున్నదని చూచి కాదు, విని తప్పుకొందురు. మెల్లగా పోవునపుడు ఈ బండి సన్నని కృత్రిమధ్వని చేయును గాని, గంటస్తంభమువద్ద సందడిలో అది దోమపాట. మేకలకు అదియు తెలియదు. నేను చప్పుడు వద్దని కొన్న బండికి హారను ఎక్కువగా వాయించవలసి వచ్చుచున్నది. ఇక బండికి స్వంతబుద్ధియు కలదు. దారిగీత దాటిన గద్దించును, అడ్డము కనబడిన తానే బ్రేకు వేయును. డిసెంబరులో రోడ్డుమీద వడ్లు ఎండబెట్టియున్న తావున గీత దాటక పోవుట యెట్లో దానికెవరును నేర్పలేదు.

ఆ డిసెంబరులోనే సోంపేట సమీపమున మా పెదనాన్నగారి యూరికి పయనమైతిని. పెద్దమ్మగారికి మూత్రపిండముల వ్యాధి. ఉద్దానము కొబ్బరితోటలకెంత పేరుపొందినదో ఈ వ్యాధికిని అంత పేరుపొందినది. కారణమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. పెద్దమ్మగారు అచటికి డయాలిసిసుకు పోవుదురు. రాకపోకలు ఆటోలో, లేనిచో బస్సులో. ఈ మారు నేను తీసికొనిపోవుదునని మాట యిచ్చితిని.

నెల్లిమర్ల మీదుగా రణస్థలము చేరి, 16వ నంబరు జాతీయరహదారి పట్టి, నాగావళిని వంశధారను దాటి, నరసన్నపేట, టెక్కలి గడచి పోతిని. నౌపడ వైపు తేలినీలాపురమున కొంగలు, గూడబాతులు విడిదిచేయు కాలమది. పలాస దాటి సోంపేట చేరునప్పటికి 175 కిలోమీటర్లయినది. నిండుగా బయలుదేరిన బ్యాటరీలో నూటికి 58 పాళ్లు మిగిలినది. దారిలో ఒకచోట నింపుకొందమని ఆగితిని గాని, అచటి యంత్రము పనిచేయుట లేదు. అడుగుదమన్న మనిషి లేడు. పెట్రోలు బంకులో కనీసము తిట్టుటకైన నొకడుండును. మరునాడు పలాసకు పోయిరావలెను, ఆపైన ఇల్లు చేరవలెను. ఓడలో ఇంధనపు లెక్క తప్పినచో నేమగునో తెలిసినవాడను గనుక ఆ రాత్రి మనస్సులోనే కూడికలు తీసివేతలు చేసికొంటిని. లెక్క చాలలేదు.

మరునాటి పయనమునుగూర్చి కొంచెము చెప్పవలెను. డయాలిసిసు ముగిసినపిమ్మట రోగికి ఒడలంతయు వడలిపోవును. ఆటో యొక్క అదరు పెద్దమ్మగారికి సూదులకంటె నెక్కువ బాధ. తిరుగుప్రయాణమున వెనుక కుర్చీ వాల్చి పడుకొనబెట్టితిమి. ఆమె కన్నులు మూసికొనెను. కాశీబుగ్గ దాటితిని, మందస మలుపు దాటితిని. కంచిలి దగ్గరపడుచుండగా ఆమె కన్నులు తెరువకయే అడిగినది:

"ఇంకా బయిల్దేరనేదేటి బాబూ?"

ముందు కుర్చీలోని పెదనాన్నగారు ఆమెవైపు తిరిగి, "ఊరొచ్చీసినాం. తొంగో" అనెను. ఆయన కంఠము అట్లు వినుట నాకు క్రొత్త. ఇరువదియారేండ్ల నా కోరిక ఆ కుర్చీలో ఆమెకు పనికివచ్చునని కొన్నపుడు నేను తలపలేదు.

ఆ రాత్రి బండిని వారి యింటి మీటరుకే తగిలించితిని. ఇంటిలో బలమైన ప్లగ్గు ఒక్కటియే కలదు. దానినుండి గంటకు 3 యూనిట్ల చొప్పున నింపుటకు తెల్లవారులు పట్టును. డబ్బు నేనిచ్చుకొందునని ముందుగనే చెప్పితిని. పెదనాన్నగారు అరుగుమీద కూర్చుండి, మీటరులోని యెర్రదీపము పరుగులెత్తుట చూచుచుండెను.

"ఇందల నూనె పొయ్యక్కర్నేదు?"

"అక్కరలేదు పెదనాన్నా."

"పొగ రాదు?"

"రాదు."

"మరి ఈ కరెంటు ఎక్కడ్నుంచొస్తాదిరా?"

స్తంభమునుండి యని చెప్పుటకు నోరు తెరచి, ఆయన చూచుచున్నది స్తంభమువైపు కాదని గ్రహించి ఊరకుంటిని. ఆయన చూచుచున్నది చీకటిలో బీలవైపు.

బీల యనగా మహేంద్రగిరి ప్రాంతపు నీరు సముద్రమునకు పోవుటకు ముందు నిలుచు పల్లపు చిత్తడినేల. వరి, చేప, జమ్ము, పశువులకు మేత, చుట్టుపట్ల బావులకు ఊట, అన్నియు దానివలననే. అచట 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము కట్టుటకు ఏర్పాటు జరుగగా గ్రామస్థులు అడ్డుపడిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలము కాకరాపల్లి తంపర భూములయొద్దను అదే జరిగినది. సోంపేటలో కేంద్రము రాలేదు. కాకరాపల్లిలో మొదలైన పని ముగియలేదు. ఆ జూలై దినమున పెదనాన్నగారు బీలలో నుండిరి. నేను ఆ సంవత్సరము ఎక్కడనో సముద్రముమీద నుంటిని. వార్త నాకు పది దినములకు తెలిసినది.

ఆయన నన్ను నిందింపలేదు. "నీ బండి మంచిదేరా. మీ పెద్దమ్మ నిద్దరోయింది. అడిగినానంతే" అని లేచి లోనికి పోయెను.

నేను తెల్లవారులు లెక్కలు వేసితిని. మన దేశపు విద్యుత్తులో నాలుగింట మూడు పాళ్లు బొగ్గువలన పుట్టుచున్నది. ఒక యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును. నా రాకపోకలకు సుమారు 60 యూనిట్లు. అన్నియు బొగ్గువే యనుకొన్నచో నలువది కిలోలకు పైబడును, అనగా దాదాపొక గోనెసంచి. ఇంత బరువైన పెట్రోలు కారు ఇంత దూరమునకు దీనికంటె నెక్కువ పొగయే విడుచును. మోటారు తనకిచ్చిన శక్తిలో నూటికి 90 పాళ్లు పనిగా మార్చగా, పెట్రోలు ఇంజను ముప్పదికి మించి మార్చుట అరుదు. ఆ లెక్క నిజమే. కాని గోనెసంచియు నిజమే. అది మా వీధిలో గాక పరవాడలో, 2002లో మొదలై 2000 మెగావాట్లకు పెరిగిన సింహాద్రి కేంద్రములో గాని, మరియొకచోట గాని కాలుచున్నది. పొగ లేదని పెదనాన్నగారితో నేననిన మాటకు అర్థము, అది నాకు కనబడదని మాత్రమే. బొగ్గు కాని విద్యుత్తుకైనను ఊళ్లు ఖాళీ చేసినవారు కలరు. 1955లో ఉత్పత్తి మొదలైన మాచ్‌ఖండ్ జలాశయము క్రింద కొండజాతులవారి పల్లెలు మునిగినవి. మా తాతగారి కాలమున మన జిల్లాలకు దీపములు తెచ్చినది ఆ నీరే.

ఉదయమునకు బండి చాలినంత నిండెను. ఇల్లు చేరునప్పటికి నూటికి 35 పాళ్లు మిగిలినది.

2025 వేసవిలో మేడమీద 3 కిలోవాట్ల సూర్యఫలకములు పెట్టించితిని. ప్రభుత్వము 2024లో ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద 78,000 రూపాయలు సహాయము వచ్చినది. ఎండ బాగుగా నున్న దినమున 12 యూనిట్ల వరకు వచ్చును. అనగా 70 కిలోమీటర్లు. సోంపేట పోయిరావలెనన్న అయిదారు దినముల ఎండ కూడబెట్టవలెను. ఇప్పుడు నెలకొక మారు పెద్దమ్మగారిని పలాసకు నేనే తీసికొనిపోవుచున్నాను. ఆమె కుర్చీ వాల్చుట తానే నేర్చుకొన్నది.

ఫలకములు పెట్టిన దినమున పెదనాన్నగారికి ఫోను చేసి సంగతి చెప్పితిని. ఆయన శ్రద్ధగా విని, ఎన్ని ఫలకములో, ఎంతయైనదో అడిగెను. వానలో పాడగునా యని విచారించెను. పిదప అనెను:

"బాగుందిరా. మరా పలకలెక్కడ సేసినారు?"

నేను ఫోను చెవియొద్దనే పెట్టుకొని నిచ్చెన యెక్కి, ఒక ఫలకము వెనుక అంటించియున్న చీటీ చదువుటకు వంగితిని.